పెద్దబజారులో కమాండర్ క్రీస్తుదాసు

మా అన్న క్రీస్తుదాసు చనిపోయిన రెండేళ్ళకి ఈ ఊరికి అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది. బతికుండగా ఒక్కడూ పలకరించిన పాపాన పోలేదు. నేవీలో మామూలు సెయిలర్‌గా చేరి కమాండర్ దాకా ఎదిగాడు. నడిసముద్రంలో ఇంజిన్ రూముకి నిప్పంటుకుంటే లోపలికి దూరి ముగ్గురు కుర్రాళ్ళని బయటికి లాక్కొచ్చి నౌసేనా పతకం అందుకున్నాడు. అప్పుడెవరూ నోరు మెదపలేదు. మొన్న ఎవరో యూట్యూబ్‌లో వీడియో పెడితే లక్షలమంది చూశారు. అంతే, 'మన ఊరి కమాండర్' అయిపోయాడు.

విగ్రహం పెద్దబజారు సెంటర్లో పెడుతున్నామనీ, ముసుగు నేనే తీయాలనీ సర్పంచ్ కోటేష్ మా క్రిస్టియన్ పేటకొచ్చి చెప్పాడు. తెల్ల యూనిఫాంలో అన్న నిలువెత్తు ఫొటో ఇచ్చాను. వెళ్ళడం ఇష్టం లేదు. కానీ మా అన్న ఆ బజారులో, వాళ్ళ కళ్ళెదురుగా, తలెత్తుకుని నిలబడాలి. దానికోసమే వెళ్ళాను.

మిర్చి కోతల రోజులు. ఆరబోసిన కాయల ఘాటుకి దగ్గుతూనే ప్రత్తిపాడు నుంచి వచ్చిన పెద్దలు ఉపన్యాసాలు దంచారు. ఒకాయన అన్నని 'ఈ మట్టి ముద్దుబిడ్డ' అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా పాస్టరుగారికి మైకే ఇవ్వలేదు.

దండ పట్టుకుని దిమ్మె మెట్టు ఎక్కబోతుంటే కోటేష్ గబగబా వచ్చాడు.

"మహిమ టీచరుగారూ, చెప్పులు విప్పండి."

"ఎందుకు?"

"ఎందుకేంటండీ, దండేసేటప్పుడు విప్పాలిగా. మేమంతా విప్పేశాం చూడండి."

నిజమే, విప్పారు. ఏ విగ్రహానికైనా ఇక్కడ అదే మర్యాద. అతని మనసులో ఇంకేమీ లేదని నాకూ తెలుసు. తెలిసినా కోపం ఆగలేదు.

అన్న మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు ఈ బజారులోనే నల్లబూట్లు వేసుకుని నడిచాడు. ఈ కోటేష్ నాన్న అంకయ్య అరుగు దిగొచ్చి, బూట్లు విప్పించి, చేత్తో పట్టించి, మండుటెండలో పేట దాకా నడిపించాడు. అన్న వెనకాలే ఏడుస్తూ నేను. ఆ తర్వాత అన్న ఈ బజారు తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు కూడా పొలం గట్ల మీదుగా వచ్చి, అలాగే వెళ్ళిపోయాడు.

"మీ నాన్న మా అన్న చేత బూట్లు విప్పించింది ఇక్కడే కోటేష్. ఇప్పుడు నువ్వు నా చేత చెప్పులు విప్పిస్తావా?"

మైకు పక్కనే ఉంది. బజారంతా విన్నది.

"పాతవన్నీ ఇప్పుడెందుకండీ? పెద్దోళ్ళున్నారు, బాగోదు" అని కోటేష్ పళ్ళు బిగించి గొణిగాడు.

"బొమ్మకి బూట్లుంటాయిగా. ముందు అవి విప్పించు. తర్వాత నావి విప్పుతాను."

చెప్పులతోనే ఎక్కి తాడు లాగాను. గుడ్డ జారింది. టోపీ, నవ్వుమొహం, ఛాతీ మీద పతకం. ఆ కింద సిమెంటు దిమ్మె.

"కాళ్ళేవి?"

"నిలువు విగ్రహం పెడితే పైన కరెంటు తీగలు తగుల్తాయన్నారండీ. అందుకని సగానికే చేయించాం."

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. దండ తీసుకెళ్ళి కోటేష్ చేతిలో పెట్టాను.

"తీగలు జరిపించి, కాళ్ళు పెట్టించి అప్పుడు పిలువు. బూట్లతో సహా. అప్పుడొచ్చి దండేస్తాను."

బజారు నడిమధ్య నుంచే ఇంటికి నడిచాను. ఒక్కరూ అడ్డు రాలేదు. దండ మాత్రం కోటేష్ చేతిలోనే ఉండిపోయింది.