చెత్తబండి గొంతు

మా వారి క్యారేజీలో వంకాయ కూర సర్దుతుంటే వీధిలోకి చెత్తబండి వచ్చింది. దాని మైకులోంచి నా గొంతు: "ఓలప్పా, నీలు మరగబెట్టి తాగండే! పిల్లలికి జొరాలొస్తన్నాయి!" మా అత్తగారు దేముడమ్మ మొహం ముడుచుకున్నారు. "ఒసే, ఆ కూతలు ఆపించు. ఈదిలో తలెత్తుకోనేకపోతన్నాం." మా వారు తిరుమలరావు స్కూలుకి బూట్లు తొడుక్కుంటూ ఏమీ అనలేదు. అననందుకు నాకు సంతోషం కూడా వేసింది, పిచ్చిదాన్ని.

శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ప్రచార కార్యాలయంలో నేను కాంట్రాక్టు ఉద్యోగిని. నాగావళి పొంగి తగ్గాక జ్వరాలు మొదలైతే, పైనుంచి "సురక్షిత జలములనే సేవించవలెను" అని ఒక ప్రకటన దిగింది. అది విని ఎవరు నీళ్లు కాస్తారు? మా అమ్మ మాట్లాడే మాటల్లో నేనే తిరగరాశాను. చదవడానికి మనిషి దొరక్కపోతే నేనే చదివాను. ఇంట్లో ధాన్యం బస్తాల గదిలో తలుపేసుకుని, ఫోన్లో, పద్నాలుగుసార్లు. మధ్యలో అత్తగారు కాఫీ అని కేకేస్తే వెళ్లి, పెట్టిచ్చి, మళ్లీ మొదటినుంచి. దాన్ని ఊళ్లో చెత్తబండ్ల మైకుల్లో వేశారు. నెల తిరిగేసరికి ఆస్పత్రి ముందు వరస తగ్గింది. ప్రభుత్వ ప్రచార ఉద్యోగుల జాతీయ అవార్డుల పోటీకి దాన్నే పంపుదామన్నారు ఆఫీసులో. ఆ రోజు పరుగున ఇంటికొచ్చి చెబితే మా వారు, "నీ పేరుంటాదేటి?" అని రెండుసార్లు అడిగారు. ఎంత మురిసిపోయానో!

ఈ రోజే గడువు. అయిదు గంటలకల్లా దరఖాస్తు ఆన్‌లైన్లో పంపాలి. పంపే పని నాదే. మా అధికారి నారాయణమూర్తి గారు రాసిచ్చిన కాగితం చూసి టైపు చేస్తున్నాను. రచన, పర్యవేక్షణ అన్నచోట్ల ఆయన పేరే. అది అలవాటే. ఆ కింద, గొంతు ఎవరిది అన్నచోట చెయ్యి ఆగిపోయింది. "కంప్యూటర్ తయారుచేసిన గొంతు" అని ఉంది.

మళ్లీ చదివాను. పేరు వదిలేస్తే మరచిపోయారనుకుని సరిపెట్టుకునేదాన్ని. ఇక్కడ అసలు మనిషే లేదని రాశారు.

"సర్, ఇదేంటి సర్?"

ఆయన తలుపు వైపు చూసి మెల్లగా అన్నారు. "కోప్పడకమ్మా. పోయిన వారం మీ ఆయనే వచ్చారు. పేరు వద్దు, పరువు పోతాది, మిషనని రాసీండి అన్నారు. నీకూ తెలుసనుకున్నాను."

పోయిన వారం మా వారు స్కూలుకి సెలవు పెట్టారు. బ్యాంకు పనన్నారు. ఆ రోజు చొక్కా ఇస్త్రీ చేసిచ్చింది నేనే.

ఫోన్ చేశాను.

"స్టాఫ్ రూములో నవ్వుతన్నారే," అన్నారు. "'ఏటి మేష్టారూ, మీ ఆవిడ సెత్తబండెక్కిందట' అని. మిషనంటే ఎవులికి నొప్పి? నీకేటి తక్కువయ్యింది?"

"నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ."

"అంటే ఒప్పుకుంతావేటి?"

ఫోన్ పెట్టేశాను. ఒప్పుకోనని తెలుసన్నమాట. పదకొండేళ్లుగా ఆయనకి కూరలో కారం ఎంత పడాలో, ఏ మాటకి కోపమొస్తుందో అన్నీ నేర్చుకున్నాను. నా గురించి ఆయనేమీ నేర్చుకోలేదని ఇన్నాళ్లూ బాధపడ్డాను. నేర్చుకున్నారు. నేను దేనికి ఒప్పుకోనో బాగా ఎరిగే, నా వెనక ఈ ఆఫీసు దాకా వచ్చి చెప్పి వెళ్లారు. తెలియక చేశారనుకుంటే బాగుండేది.

అయిదుకి పది నిమిషాలుంది. పైన రాసినవన్నీ నిజమేనని టిక్కు పెడితేగాని దరఖాస్తు కదలదు. కంప్యూటర్ అన్న మాట చెరిపేశాను. రచన దగ్గర నా పేరు, సుహాసిని అని కొట్టాను. గొంతు దగ్గర కూడా సుహాసిని అని కొట్టాను. పర్యవేక్షణ ఆయనకే ఉంచాను.

నారాయణమూర్తి గారు నా వెనక నిలబడి అంతా చూశారు. ఆపలేదు. "మరి మీ ఆయనకి ఏటి చెప్పమంటావమ్మా?" అన్నారు.

"ఆయన నాకు చెప్పారా సర్?" అని బటన్ నొక్కేశాను.