స్తంభం మీద మనిషి

కరెంటు బోర్డును మూడు కంపెనీలుగా ముక్కలు చేసింది పెద్ద ఇంజనీరే. అలా విడదీయడం ఎలాగో నేర్చుకుందామని పరాయి దేశం నుంచి ఐదుగురు అధికారులు వచ్చారు. పాఠాలు ఆయన నోటే వినాలట! ఆయనకేం, పంపకాల కాగితాలు స్వయంగా రాసినవాడు. ఏ కంపెనీకి ఏ జీపు, ఏ గదికి ఎన్ని కుర్చీలు, బీరువా తాళాలతో సహా రాశాడు.

ఒక్కటే మరిచాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కాక, మళ్ళీ కరెంటు వదిలే ముందు "దిగాడా?" అని ఎవరు అడగాలో రాయలేదు. మునుపు సబ్‌స్టేషన్ వాళ్ళూ స్తంభాల వాళ్ళూ ఒకే బోర్డు మనుషులు, రాయకపోయినా అడిగేవాళ్ళు. వేరుపడ్డ నాలుగో రోజు సబ్‌స్టేషన్ కంపెనీ మీట వేసింది. అవతలి కంపెనీ లైన్‌మన్ పైనే ఉన్నాడు. తిలాపాపం తలా పిడికెడు కావాల్సింది, విచారణలో మొత్తం చచ్చినవాడి నెత్తినే పడింది. "మృతుడి నిర్లక్ష్యం" అన్న ఆ కాగితం మీద సంతకం పెద్ద ఇంజనీరుది.

తొమ్మిదేళ్ళుగా ఆయన ఇంట్లో ఏ లైటు వేయబోయినా పైనుంచి ఎవరో "సార్, ఇంకా దిగలేదు" అంటారు. అందుకే లైట్లన్నీ భార్య చేతే వేయించుకుంటాడు. చాదస్తమని ఆవిడ నవ్వుతుంది.

ఆ రోజు సమావేశం గదిలో మంచినీళ్ళ గ్లాసులు పెడుతున్నది ఆ లైన్‌మన్ భార్యే. మొగుడు పోయాక ఇచ్చిన అటెండరు ఉద్యోగం. ఆమెకు ఎదురుపడలేక ఇన్నేళ్ళూ ఆయన వెనక మెట్లెక్కి వచ్చేవాడు.

అతిథుల్లో పెద్దావిడ దుబాసీ చేత అడిగించింది. "త్వరలో మేమూ విడదీస్తున్నాం. మీరు చేసిన పొరపాటేదైనా ఉంటే చెప్పండి."

ఆయన గ్లాసులు పెడుతున్న ఆమె వైపు చూశాడు.

"అబ్బే, మా దగ్గర అలాంటివేం లేవండీ" అన్నాడు పక్కనే కూర్చున్న కంపెనీ ఛైర్మన్.

ఊరుకుంటే అక్కడా ఎవడో పైన ఉండగానే మీట పడుతుంది. చెప్పాలంటే ఆ లైన్‌మన్ భార్య ముందే చెప్పాలి. ఛైర్మన్ చొక్కా పట్టి లాగుతున్నా ఆయన లేచి నిలబడి అంతా చెప్పేశాడు. ఆమె వైపు తిరిగేసరికి ఏడుపు ఆగలేదు.

"తప్పు మీ ఆయనది కాదమ్మా. నాది."

అతిథులు గబగబా రాసుకుంటున్నారు. ఆమె చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మా అత్తకి ఎవరు చెప్తారు సార్? ఒళ్ళు దగ్గర పెట్టుకోని వెధవ అని కొడుకుని తిట్టుకుంటూనే పోయింది, మొన్న మంగళవారం."