తెర మీద ఏకవచనం

మా తోడికోడలు నన్ను 'పటాసు' అంటుంది. నిప్పు అంటించక్కర్లేదట, కళ్ళెర్రజేసి చూస్తే చాలు పేలతానట. అననివ్వండి, నేను అక్కా అని పిలుచుకునే మనిషేగా. మా ఇద్దరి కంపెనీలో సాఫ్ట్‌వేర్ రాసేది ఆవిడ, అమ్మేది నేను. నోరు లేని మనిషి ఏం అమ్ముతుంది?

మొదట స్కూలు బస్సులకి చేశాం. తలుపు పక్కన చిన్న తెర, బస్సెక్కిన పిల్ల తన పేరు నొక్కి కూర్చుంటుంది. మన దేశంలో అది బాగా నడిచింది. అప్పుడు బయటి దేశం నుంచి ఓ సిటీ బస్సుల డిపో మమ్మల్ని పిలిచింది. ఎగిరి గంతేశాం. బస్సు వేళకి నడుస్తోందో లేదో చెప్పేలా తెర డ్రైవరు ముందుకి మార్చాం, అక్కడ ఆఫీసు తెరిచాం, మనుషుల్ని పెట్టుకున్నాం. ఈ డిపోని చూపించి చుట్టుపక్కల దేశాల్లోనూ పాగా వేద్దామని అక్కా నేనూ కలలు కన్నాం.

తీరా చూస్తే డ్రైవర్లు తెర ఆపేసి బస్సు నడుపుతున్నారు! ఎందుకని అడిగితే "బాగానే ఉందండీ" అంటారు. అక్క ఎంత వెతికినా సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొరకలేదు. డిపో మేనేజరు మంచివాడే గానీ మొహమాటం లేకుండా చెప్పేశాడు: శుక్రవారం దాకా చూస్తాడట, అప్పటికీ వాడకపోతే తెరలన్నీ విప్పించేస్తాడట. అదే జరిగితే ఆఫీసు మూతే. మొదటి చోటే తరిమేస్తే ఇంకో దేశంలో మా మొహం ఎవరు చూస్తారు?

ఇద్దరం విమానమెక్కాం. డ్రైవర్ల విశ్రాంతి గదిలో ఓ మూల కూర్చున్నాం. పొడుగాటి బల్ల, కొక్కేలకి వేలాడే కోట్లు, మూలిగే కాఫీ మిషను. మా ఇంగ్లీషు వాళ్ళ భాషలోకీ, వాళ్ళ మాటలు ఇంగ్లీషులోకీ మార్చి చెప్పడానికి ఒక దుబాసీ అమ్మాయి. వచ్చిన ప్రతివాడూ నవ్వి, బాగుందని చెప్పి, కాఫీ పట్టుకుని జారుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత బాగుంటే వాడి చావొచ్చుగా!" అన్నాను తెలుగులో. అక్క మోచేత్తో పొడిచింది.

గురువారం మధ్యాహ్నం తెల్లమీసాల డ్రైవరు ఒకాయన వచ్చాడు. రేపో మాపో రిటైరయ్యే మనిషి. ఆయన నవ్వలేదు. టోపీ తీసి బల్లకేసి కొట్టి, ఏకబిగిన కడిగిపారేశాడు. దుబాసీ అమ్మాయి మొహం కందిపోయింది.

"ఏమంటున్నాడమ్మా?" అంది అక్క.

"మీ తెర ఆయనతో మాట్లాడే తీరు బాలేదట. ఎలా చెప్పాలో తెలీడం లేదండీ. ఇంగ్లీషులో 'యూ' ఒక్కటే కదా. మా భాషలో రెండున్నాయి. పెద్దవాళ్ళకి ఒకటి, చిన్నపిల్లలకి ఒకటి..."

అక్క కుర్చీలోంచి లేచిపోయింది. "ఓరి దేవుడో! ఏకవచనం!"

నాకూ వెలిగింది. అనువాదం చేసేవాళ్ళకి మేం పంపిన ఫైలు మీద స్కూలు బస్సు అనే ఉంది. పిల్లలు చదువుతారు కాబోలనుకుని వాళ్ళు అలాగే రాశారు. జుట్టు నెరిసిన మనిషితో మా తెర రోజూ ఏమంటోందంటే, "ఒరేయ్, ఆలస్యం చేశావు, పద పద!" మా మామగారైతే దాన్ని కిటికీలోంచి విసిరేసేవారు. వీళ్ళు పాపం, పరాయి ఆడవాళ్ళని నొప్పించడం ఎందుకని నోరు మూసుకున్నారు.

"మా భాషలోనూ రెండున్నాయని ఆయనకి చెప్పమ్మా," అంది అక్క. "పెద్దవాళ్ళని అలా పిలవడం మా ఇంటా వంటా లేదని చెప్పు. పొరపాటైపోయింది, మన్నించమను."

ఆయన విన్నాడు. డ్యూటీ అయిపోయింది, ఇంటికి పోవచ్చు. పోలేదు. కోటు విప్పి మా పక్కనే కూర్చుని, ఒక్కొక్క మాటా చూపించమన్నాడు. 'ఆలస్యం చేశావు' కొట్టేయించి 'కాస్త ఆలస్యమైంది, చూసుకోండి' అని పెట్టించాడు. మిగతా డ్రైవర్లూ చుట్టూ మూగి తలో మాటా అందించారు. 'మీరు చాలా అందంగా ఉన్నారు' అని కూడా రాయమన్నాడు ఒక గడుగ్గాయి. సాయంత్రానికి అంతా తిరగరాసి అక్క తెరలకి పంపించింది.

శుక్రవారం పొద్దున మేనేజరు పక్కన నిలబడి చూశాం. గేటు దాటుతున్న ప్రతి బస్సులోనూ తెర వెలుగుతోంది. ఆయన అక్కడినుంచే పక్క దేశం డిపోకి ఫోన్ చేసి, వీళ్ళని పిలిపించుకోండి, కానీ ముందు మీ డ్రైవర్ల దగ్గర కూర్చోబెట్టండి అన్నాడు. ఇవాళ ఎన్నో దేశాల బస్సుల్లో మా తెరలున్నాయంటే అది తెల్లమీసాలాయన పెట్టిన చీవాట్ల చలవే. ఆయన కూడా నవ్వేసి కాఫీ పట్టుకుని పోయుంటే మా పని గోవిందా.

ఆ సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను. "మీ మేలు జన్మలో మరిచిపోను" అని వాళ్ళ భాషలో బట్టీపట్టి, పెద్దవాళ్ళకి వాడే మాటతోనే చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు.

"'మీరు' అని పిలవొద్దంటున్నారండీ," అంది దుబాసీ అమ్మాయి నవ్వుతూ. "మా దగ్గర ఇంట్లోవాళ్ళనీ, ప్రాణస్నేహితుల్నీ కూడా నువ్వనే అంటాం. ఇకనుంచి మీరూ ఆయన్ని నువ్వనే పిలవాలట."

మా నాన్నగారినే 'మీరు' అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగను. వాళ్ళ భాషలో ఆ మాట ఎలా అనాలో దుబాసీ అమ్మాయి చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. ఆయన టోపీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నువ్వు లేకపోతే మేం లేం," అన్నాను, ఏడుస్తూనే.