కొక్కెం ఎత్తు

లారీ దిగడానికి ఈమధ్య పెద్దాయన ఒక పద్ధతి అలవాటు చేసుకున్నాడు. ముందు ఎడమ చేత్తో తలుపు పక్క కడ్డీ పట్టుకోవడం, తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత మిగతా మనిషి. కుడిచెయ్యి మాత్రం చుట్టపుచూపుగా వచ్చినదానిలా ఏ పనీ ముట్టుకోకుండా పక్కన వేలాడుతూ ఉండేది.

వెల్డింగ్ షాపు ముందు దిగి, తన పాత లారీకి ఆనుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎదురుగా కొత్త లారీ ఉంది. ముందు డ్రైవరు క్యాబిన్, దాని వెనక పొడవాటి చదును బల్ల, అంతే. పక్కలకు గోడల్లేవు, పైన కప్పు లేదు. ఎక్కించిన సరుకు ఏదైనా సరే గొలుసులతోనో, వెడల్పాటి బెల్టులతోనో బల్లకు బిగించి కట్టుకుని పోవలసిందే. ఆ గొలుసులూ బెల్టులూ పెట్టుకునే చోటు మాత్రం ఇంకా తయారు కాలేదు. పొద్దున లారీల యార్డులో మేనేజరమ్మ ఆ సంగతే చెప్పింది.

"తోలేది మీరు కాబట్టి మీరే తేల్చండి పెద్దాయనా. క్యాబిన్ వెనక ఓపెన్ ర్యాకు పెట్టించనా, మూతా తాళం ఉన్న బాక్సు పెట్టించనా? సాయంత్రం షాపుకి నేనే వస్తాను."

యార్డులో మిగతా లారీలన్నిటికీ ఓపెన్ ర్యాకులే. ఎవరినీ ఇలా అడిగిన గుర్తు లేదు. తననెందుకు అడిగిందా అని దారంతా ఆలోచించాడు. వయసుకు ఇచ్చిన మర్యాద అయి ఉంటుందనుకున్నాడు.

షాపులోంచి వెల్డరు ముసుగు నుదుటి మీదికి నెట్టుకుంటూ వచ్చాడు. పెద్దాయనకు బావమరిది, పోయిన భార్యకు తమ్ముడు.

"ఏం బావా, తేల్చావా లేదా? పొద్దుట్నుంచీ నీ కొత్త లారీ నా గుమ్మంలో అలిగిన అల్లుడిలా అడ్డంగా కూర్చుంది. జరగమంటే జరగదు."

"నీ నోటికి వెల్డింగ్ పెట్టే మనిషి లేక ఇలా తయారయ్యావురా."

"ఒక మనిషి ఉండేది. నువ్వే తీసుకుపోయావు."

అనేశాక ఇద్దరూ కొత్త లారీ వైపు చూశారు. అక్క మాట వచ్చినప్పుడల్లా వాళ్లిద్దరూ అలా ఏదో ఒక ఇనుప వస్తువు వైపు చూసేవారు. చూడదగ్గ ఇనుము ఆ షాపులో ఎప్పుడూ ఉండడం ఒక అదృష్టం.

"బాక్సు చెయ్యి," అన్నాడు పెద్దాయన.

"బాక్సా? నీకేమైనా మతి పోయిందా? తడిసిన గొలుసు లోపల పడేసి మూతేస్తే అది ఆరేదెప్పుడు? సరుకు మీద కప్పే పట్టా అయితే చెప్పనే అక్కర్లేదు, మూడోనాటికి కంపు. పైగా కుప్పగా పోసిన గొలుసుల్లో ఒకదాని కొస పట్టుకు లాగితే అన్నీ చుట్టరికం కలుపుకుని వస్తాయి. ర్యాకైతే దేని కొక్కేనికి అది. గాలి తగులుతుంది, నీళ్లు కారిపోతాయి, ఏది ఉందో ఏది లేదో ఒక్క చూపులో తెలుస్తుంది."

"ఎండకు బెల్టులు పెళుసెక్కిపోతున్నాయిరా. టీ తాగి వచ్చేలోగా ఎవడో ఒకడు బెల్టు చుట్ట ఎత్తుకుపోతున్నాడు."

"సరే, ఒప్పుకున్నా. బెల్టులకు చిన్న బాక్సు చేస్తా, గొలుసులు బయట వేలాడదీస్తా. ఇద్దరి మాటా చెల్లుతుంది."

"గొలుసులు కూడా లోపలే ఉండాలి."

"గొలుసులకెందుకు బావా అంత సిగ్గు?"

బావమరిది నవ్వుతూనే అన్నాడు గానీ పెద్దాయనకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఓ ఇనుప దిమ్మ మీద కూర్చుని, జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు. చెమట పెద్దగా లేదు.

సంగతి ఇది. చలికాలం నుంచి కుడి భుజం పట్టేసింది. డాక్టరు అటూ ఇటూ కదిపి చూసి విశ్రాంతి కావాలన్నాడు. విశ్రాంతి అంటే ఏమిటో పెద్దాయనకు బాగా తెలుసు. యార్డు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని లోపలికొచ్చే లారీలకు చెయ్యి ఊపడం, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. ఇంట్లో ఒక గదిలో గడియారం ఉంది, రెండో గదిలోకి కూడా దాని చప్పుడు వినిపిస్తుంది. అందుకే ఎవరికీ చెప్పలేదు. గొలుసులు తలకన్నా ఎత్తున ఉన్న కొక్కేలకు వేలాడుతుంటాయి. దించాలంటే చెయ్యి పైకి లేవాలి, సరుకు మీదుగా అవతలికి విసరాలంటే భుజం తిరగాలి. బెల్టు అయితే తేలిక, ఎడమ చేత్తో గడిపేయొచ్చు. కాబట్టి గొలుసులు ముట్టుకోవడం మానేశాడు, అన్నిటికీ బెల్టులే.

కానీ గొలుసు ఊరుకోదు. వాడే గొలుసు రాపిడికి నిగనిగలాడుతుంది. వాడని గొలుసు ఒక వాన పడేసరికి ఇటుక రంగుకు తిరుగుతుంది. ఓపెన్ ర్యాకులో వేలాడే గొలుసును ఆ దారిన పోయే ఏ డ్రైవరు చూసినా చాలు, దీని యజమాని దీన్ని దించి ఎన్నాళ్లయిందో చెప్పేస్తాడు. ఇన్నాళ్లూ పాత లారీని గోడ వైపుకు తిప్పి నిలబెట్టుకుంటూ నెట్టుకొచ్చాడు. మూతా తాళం ఉన్న బాక్సు వస్తే ఆ బాధ ఉండదు. ఈ భుజం తిరిగి దారికొచ్చేదాకా లారీ మీదే ఉండిపోవచ్చు.

"సరే బావా, బాక్సే అనుకో. దాని మూత గడియ నీకు అందాలిగా. ఇలా వచ్చి నిలబడి చెయ్యి పైకెత్తు, కొలత పెట్టుకుంటా."

పెద్దాయన క్యాబిన్ వెనక్కి వెళ్లి నిలబడి ఎడమ చెయ్యి ఎత్తాడు.

"అదేంటి, అన్నం కుడిచేత్తో తిని గడియ ఎడమ చేత్తో తీస్తావా? కుడిదెత్తు."

"ఏదైతేనేంరా."

"తర్వాత అందలేదని నన్ను తిట్టడానికా? ఎత్తు బావా, ఎండన పడి ఎంతసేపు నిలబడతాం."

పెద్దాయన కుడిచెయ్యి ఎత్తాడు. గుండెల దాకా బాగానే వచ్చింది. అక్కడినుంచి భుజంలో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. పళ్లు బిగించి ఇంకొంచెం లేపబోయాడు. కళ్ల ముందు షాపు మసకబారింది.

"అయ్యో, సుద్దముక్క ఎక్కడ పెట్టి చచ్చాను?" అంటూ బావమరిది గిరుక్కున వెనక్కి తిరిగాడు. బల్ల కింద చూశాడు, డబ్బాలు కదిపాడు, గోడ మీది అర తడిమాడు. సుద్దముక్క అతని చెవి వెనకే ఉంది. పెద్దాయన చెయ్యి దించుకుని, ఊపిరి సర్దుకుని, మొహం మామూలుగా పెట్టుకునేదాకా అతను వెతుకుతూనే ఉన్నాడు. తర్వాత వచ్చి, చెవి వెనకనుంచి సుద్దముక్క తీసి, క్యాబిన్ వెనక రేకు మీద గుండెల ఎత్తున ఒక గీత గీశాడు.

"అంత కిందికా?" అన్నాడు పెద్దాయన.

"ఏమో మరి. నాకు అక్కడిదాకే కనబడింది."

అంతకుమించి ఒక్క మాట మాట్లాడలేదు. ముసుగు దించుకుని లోపలికి పోయాడు. అంత నోరున్న మనిషి అలా పోయాక, పెద్దాయన ఆ సుద్దగీత మీద ఒకసారి వేలు పెట్టి చూసుకున్నాడు.

పొద్దు వాలుతుండగా మేనేజరమ్మ స్కూటరు మీద వచ్చింది. ఆమె పొద్దుటి నవ్వు సాయంత్రానికి ఎప్పుడూ సగమే మిగిలేది. హెల్మెట్ తీసి, కొత్త లారీ వైపు వెళ్లకుండా తిన్నగా పాత లారీ దగ్గరికి నడిచింది. కొత్త లారీలోకి మార్చడానికి సామాను దించాలని ఈసారి దాన్ని గోడకు తిప్పి పెట్టలేదు. పెద్దాయన గబగబా వెనకే వెళ్లాడు.

"బాక్సే మంచిదమ్మా. ఎండకు బెల్టులు పాడైపోతున్నాయి, పైగా దొంగల భయం..."

ఆమె వేలితో గొలుసు మీద ఒక గీత గీసి చూసుకుంది. వేలికి ఎర్రటి పొడి అంటింది. రుమాలుతో మెల్లగా తుడుచుకుంది.

"పైపుల లోడు గుర్తుందా పెద్దాయనా?"

గుర్తులేకేం! ఆ రోజు ఇనుప పైపుల్ని గొలుసుల్లేకుండా జోడు బెల్టులతో కట్టి, రోడ్డు కన్నా అద్దమే ఎక్కువ చూసుకుంటూ వెళ్లాడు. చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"దించుకున్నవాళ్లు నాకు ఫోన్ చేశారు. ఒక బెల్టు సగానికి తెగి దారాల మీద నిలబడి ఉందట. ఎవరి మీదా పడలేదు, అంతవరకు నయం. ఆ రోజు నుంచి మీకు మళ్లీ ఇనుము వెయ్యలేదు నేను."

ప్లైవుడ్డు, పరుపులు, దూది బేళ్లు. నెలల తరబడి తేలిక లోడులే వచ్చాయి. వచ్చినప్పుడల్లా పెద్దాయన స్టీరింగును నిమిరి, మన రోజులు బాగున్నాయి అనుకునేవాడు.

"కాలం కలిసొచ్చిందనుకున్నానమ్మా."

"కాలం కాదు, నేనే."

"మరి ఒక్కసారి అడగలేదేం?"

"అడిగితే బాగానే ఉందంటారు. అప్పుడు మీ మాట నమ్మాలో, మీ గొలుసును నమ్మాలో నాకు తెలియదు." ఆమె బల్ల అంచుకు ఆనుకుంది. "మీరే చెప్తారేమోనని చూస్తూ వచ్చాను. మిగతావాళ్లు ఇనుమంతా మాకే వేస్తున్నారని గొణుగుతున్నారు. ఇక నావల్ల కాదు. ఈ కొత్త లారీకి దూరపు ట్రిప్పులు, యంత్రాలు, ఇనుము. మీరు బాక్సు అడిగితే ఇక నాకేమీ కనబడదు. అందుకే ఎన్నుకోమన్నాను. చెప్పండి, ఏది పెట్టించమంటారు?"

షాపులో చప్పుడు ఆగిపోయింది. బావమరిది వింటున్నాడని తెలుస్తూనే ఉంది. పెద్దాయన కొత్త లారీ వైపు చూశాడు. ఆ సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. ఊరు దాటాక ఒంటరిగా సాగిపోయే ఆ పొడవాటి రోడ్లు, అద్దం తుడుచుకుని టీ తాగే చోట్లు, ఇంటికి ఇంకా చాలా దూరం ఉందన్న ఆ హాయి, అన్నీ ఆ సీటులోనే ఉన్నాయి. మరో పక్క దారాల మీద నిలబడ్డ బెల్టు ఉంది. దాని వెనకాలే స్కూటరు మీదో సైకిలు మీదో వస్తున్న మనిషెవరో ఉన్నాడు.

"ర్యాకే పెట్టించండమ్మా," అన్నాడు. "మామూలు ఎత్తులోనే. ఇంకెవరికైనా ఇవ్వండి. నా చెయ్యి లేవడం లేదు."

ఇన్నాళ్లూ పొట్టలో దాచుకున్న మాట. అనేశాక మీద పిడుగేమీ పడలేదు. అలసట మాత్రం ఒక్కసారిగా వచ్చి మీద కూర్చుంది.

"నన్ను గేటు దగ్గర కూర్చోబెడతారా?"

"గేటుకు మనిషి ఉన్నాడు," అంది మేనేజరమ్మ. "పాత లారీ మీదే. చుట్టుపక్కల తిరగాలి, పరుపులూ చెక్కలూ అంతే. దూరాలుండవు. సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు."

"ఇంటికొచ్చేస్తాను," అన్నాడు పెద్దాయన. ఆ గడియారం చప్పుడు ఇక్కడిదాకా వినిపించినట్టయింది.

బావమరిది బయటికొచ్చి, కొత్త లారీ రేకు మీది సుద్దగీతను మోచేత్తో తుడిచేశాడు. పాత లారీ వెనక్కి వెళ్లి, అదే ఎత్తున మళ్లీ గీశాడు.

"కొక్కేలు కోసి ఇక్కడికి దించుతా. పైన చూరులాగా ఓ రేకు అతికిస్తా, బెల్టులకు నీడ. గొలుసులు కొత్తదానికి మార్చెయ్యాలి. మేనేజరమ్మా, మీరు ఆ కొస పట్టుకుంటారా? మా బావ పెద్దమనిషి, పక్కన నిలబడి సలహాలిస్తాడు."

"ఒరేయ్, నీ నోరు..."

"తెలుసులే, వెల్డింగు."

మేనేజరమ్మ నవ్వింది. ఆమె ఒక కొస, పెద్దాయన ఎడమ చేత్తో మధ్య, బావమరిది రెండో కొస పట్టుకుని గొలుసులు ఒక్కొక్కటే మోశారు. ఆమె చొక్కా మీద ఎర్ర మరకలు పడ్డా చూసుకోలేదు.

"పొద్దున పరుపుల లోడు ఉంది, మరచిపోకండి," అని స్కూటరెక్కి వెళ్లింది.

కొక్కేలు చల్లారేసరికి వీధి దీపాలు వెలిగాయి. బెల్టు చుట్టలకు పాత దుప్పటి అంచు చింపి కట్టిన పీలికలు ఇంకా ఉన్నాయి. అవి కట్టింది ఎవరో ఇద్దరికీ తెలుసు, కాబట్టి ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పెద్దాయన ఒక చుట్టను ఎడమ చేత్తో తీశాడు, కాస్త ఆగి కుడి చేతికి మార్చాడు. మెల్లగా ఎత్తాడు. చెయ్యి గుండెల దాకా లేచింది. కొక్కెం అక్కడే ఉంది.

"సరిగ్గానే కొలిచావురా."

"మరేమనుకున్నావు? పద, ఇంటికి. మీ చెల్లెలు నీకూ కలిపి వండింది."

"ఇవాళ వద్దులే."

"రేపు కూడా సాయంత్రానికి వచ్చేస్తావుగా. ఎల్లుండీ వస్తావు. ఎన్నాళ్లు వద్దంటావో నేనూ చూస్తా," అంటూ బావమరిది షాపు తలుపులు మూయసాగాడు.

పెద్దాయన మిగిలిన చుట్టలన్నీ కుడిచేత్తోనే తగిలించాడు. చాలాసేపు పట్టింది. బావమరిది తాళం కప్పను చేతిలో పట్టుకుని, తొందరేమీ లేనట్టు, దాన్ని తుడుస్తూ నిలబడ్డాడు.