అరచుట్టు

ఇలియాస్ ఇంజన్ మీదికి వంగి, సన్నటి రబ్బరు గొట్టాన్ని రెండు వేళ్లతో నొక్కి వదిలాడు. ఏమీ మారలేదు. దాని పక్కది నొక్కాడు. అదే అరుపు. యాక్సిలరేటర్ మీద ఎవరి కాలూ లేకపోయినా, తొక్కి పట్టినట్టే ఆ పాత జీపు రంకె వేస్తోంది.

నరసరావుపేటలో ఆ మెకానిక్ షెడ్డు రేకులు పొద్దున తొమ్మిదికే కాలుతున్నాయి. జీపు బెల్లంకొండ రైతు లక్ష్మీనారాయణది. ఇరవై మూడేళ్ల పెట్రోలు బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి బురద చేలల్లోకి దిగడానికి ఇంకా ఉంచుకున్నాడు.

ఇలియాస్‌కి యాభై తొమ్మిదేళ్లు. అందులో ముప్పై ఆరు ఈ షెడ్డులోనే గడిచాయి. కుడి చూపుడువేలికి గోరు లేదు. ఫ్యాన్ బెల్టు తీసుకుపోయింది. అరచేతి గీతల్లో దిగిన నలుపు రంజాన్ నాడు కూడా పోదు. బండికేం జబ్బో ఒక్కసారే చెబుతాడు. వింటే సరే, వినకపోతే స్పానర్ తుడుచుకుని ఇంకో బండి దగ్గరికి పోతాడు. ఇంట్లోనూ అంతే. “నీ చేత ఒక మాట రెండోసారి అనిపిచ్చాలంటే నేను మళ్లీ పుట్టాల” అంటుంది భార్య షంషాద్. షెడ్డు పెట్టినాయన పోయాక ఆయన కొడుకు సుమంత్ వచ్చి కూర్చున్నాడు. ఇలియాస్‌కి మారింది కుర్చీలో మనిషే.

మూడోది లావుపాటి గొట్టం, బ్రేకు తేలిగ్గా పడేలా బలమిచ్చే బూస్టర్‌కి పోయేది. నొక్కగానే ఇంజన్ నెమ్మదించింది. వదిలితే మళ్లీ రంకె.

“బెంజిమినూ, బ్రేకు తొక్కు.”

సీట్లో ఉన్న లక్ష్మీనారాయణ డ్రైవర్ బెంజిమిన్ తొక్కాడు. ఇంజన్ గొంతు మారింది.

“పెడల్ ఎట్టుంది?”

“రాయిలాగుంది భాయ్. నాలుగు రోజుల్నుంచి రెండు కాళ్లతో తొక్కుతున్నా.”

ఇలియాస్ చేతులు తుడుచుకుంటూ ఫ్యాను కింద కూర్చున్న లక్ష్మీనారాయణ దగ్గరికి వెళ్లాడు. “బూస్టర్ లోపల రబ్బరు చినిగిందండీ. బయట గాలి అందులోంచి ఇంజన్లోకి పోతంది, అందుకే ఆ అరుపు. గుంటూరు నుంచి కొత్తది తెప్పిచ్చి రేప్పొద్దుటికి బిగిస్తా. అప్పటిదాకా బండి కదలకూడదు.”

“మాచర్ల చేలో బోరు మోటారు ఇయ్యాల దిగాల. తోట ఎండిపోతంది” అన్నాడు లక్ష్మీనారాయణ. “అరుపు తగ్గిచ్చు చాలు. మోటారూ పైపులూ ఏసుకొని వీడు పోతాడు. నేను అల్లుడి కార్లో వస్తా.”

“బాబాయ్ అడుగుతున్నాడుగా భాయ్, స్క్రూ తిప్పి పంపిచ్చు” అన్నాడు సుమంత్.

ఇలియాస్ కదల్లేదు. “స్క్రూ తిప్పితే అరుపు తగ్గిద్ది. బ్రేకు రాదు.”

అది రెండోసారి చెప్పడం.

“నిన్ను బ్రేకు చూడమన్నామా?” అన్నాడు సుమంత్.

ఇలియాస్ జీపు తాళంచెవి తీసి జేబులో వేసుకోవచ్చు. ఇవ్వనని అనవచ్చు. అలా అన్న రోజు అతని బతుకులో ఒక్కటీ లేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని, బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ వేగాన్ని సరిచేసే ఐడిలింగ్ స్క్రూని అరచుట్టు తిప్పాడు. ఇంజన్ శబ్దం దిగి, కొత్త బండిలా మెత్తగా ఆడింది.

“ఇంతోటిదానికి రేపటిదాకా ఆగమన్నావే” అని నవ్వాడు లక్ష్మీనారాయణ.

ఇలియాస్ ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి బెంజిమిన్ చేతిలో పెట్టాడు. బెంజిమిన్ గొంతు తగ్గించి, “నిదానంగా పోతాలే భాయ్. నేను కాదంటే సాయంత్రానికి ఇంకో డ్రైవర్ వస్తాడు” అన్నాడు.

రెండున్నరకి సుమంత్‌కి ఫోనొచ్చింది. కారంపూడి దాటాక పల్లంలో గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చిందట. గొర్రెలను తప్పించబోయి జీపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. వెనకున్న ఇనప పైపులు ముందుకు దూసుకొచ్చాయి. బెంజిమిన్ అక్కడే పోయాడు. గొర్రెల్లో ఒక్కదానికీ ఏమీ కాలేదు.

సుమంత్ ఫోను జేబులో పెట్టి ఇలియాస్ దగ్గరికి వచ్చాడు. “టేషన్ నుంచి ఎవురన్నా అడిగితే ఐడిలింగ్ ఒక్కటే చూశామని చెప్పు భాయ్. బ్రేకు మాట మనకొద్దు” అన్నాడు.

“అడిగితే ఉన్నది చెబుతా” అన్నాడు ఇలియాస్. ఆ మాట పొద్దున అతని నోట రావలసినంత గట్టిగా వచ్చింది.

ఎవరూ అడగలేదు. డ్రైవర్ నిర్లక్ష్యం అని పోలీసులు రాసుకున్నారని ఐదింటికి తెలిసింది. చేయి అలవాటుగా పనిముట్లను వరసలో సర్దింది కానీ స్క్రూడ్రైవర్‌ను మాత్రం తాకలేకపోయింది. పొద్దుటి నుంచి పడి ఉన్నచోటే దాన్ని వదిలేశాడు.

షట్టర్ దించబోతూ బల్ల కింద నీడలో చూశాడు. బెంజిమిన్ మరిచిపోయిన రెండు లీటర్ల నీళ్ల సీసా. చుట్టూ గోనెపట్టా, ఎవరో ఆడమనిషి నల్లదారంతో ఓపిగ్గా కుట్టింది. పట్టా ఇంకా తడిగానే ఉంది, లోపల నీళ్లు చల్లగా ఉన్నాయి.