బాలమణి గారి దగ్గు

కెన్నెడీ విమానాశ్రయంలో సరుకుల షెడ్డు ముందు, కొడుకు ఓవర్‌కోటు తొడుక్కుని, దిగిన పూటే పరువు పోయిందని కుమిలిపోతూ నిలబడ్డారు బాలమణి గారు. అది ఎనభై నాలుగో సంవత్సరం, అక్టోబరు నెల.

పరువు తీసినవాడు భీముడు. కాకినాడలో ఉండగా మనవరాలు రేణు బడి దగ్గర నుంచి ఎత్తుకొచ్చిన వీధికుక్క. వాడు లేకుండా అమెరికా రానని రేణు అన్నం మానేసింది. అమెరికాలో ఉద్యోగం చేస్తూ వీళ్ళని తీసుకెళ్ళడానికి వచ్చిన కొడుకు దామోదరం కూతురి ఏడుపు చూడలేని మనిషి. కుక్కకి సూదిమందులు వేయించి, కాగితాలు పుట్టించి, గాలి తగిలే పెట్టె ఒకటి చేయించి, పెళ్ళాంతో, కూతురితో, తల్లితో పాటు వాణ్ణి కూడా విమానం ఎక్కించాడు. "సముద్రం దాటేదానికి మడేమిటి, ఆచారమేమిటి! కుక్క ఒక్కటే తక్కువైంది" అని బాలమణి గారు ఊరుకున్నారు.

ఇప్పుడు పెట్టె తలుపు తీసినా భీముడు బయటికి రాడు. తనిఖీ చేసే ఆయన ఈల వేశాడు, బిస్కెట్టు చూపించాడు. దామోదరం మోకాళ్ళ మీద కూర్చుని, "కమాన్ భీమా, కమాన్, గుడ్ బాయ్" అని బతిమాలాడు. వాడు మూలకి నక్కి గుర్రుమన్నాడు.

"నీకేమైనా మతి పోయిందిట్రా దామూ? వాడు పుట్టి బుద్ధెరిగి ఎప్పుడైనా ఇంగ్లీషు విన్నాడా?" అని కొడుకుని పక్కకి నెట్టి బాలమణి గారు పెట్టెలోకి వంగారు. "ఒరేయ్ వెధవా! బయటికి తగలడు! ఎంతసేపు నిలబెడతావురా మమ్మల్ని?"

భీముడు తోకాడించుకుంటూ వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తనిఖీ ఆయన నవ్వాపుకుంటూ ముద్ర కొట్టేశాడు.

అసలు సంగతి దామోదరం, కారు తాము ఉండబోయే ఐసెలిన్ ఊరి దగ్గరికి వచ్చాక బయటపెట్టాడు.

"అమ్మా, ఒక్క మాట. ఇంటావిడకి కుక్క విషయం చెప్పలేదు. ఆవిడ ఇంట్లో జంతువుల్ని ఉండనివ్వదు."

"మరి ఎందుకు తెచ్చావురా?"

"రేణు ఏడ్చిందిగా."

"రేపు ఆవిడ వెళ్ళగొడితే అందరం కలిసి ఏడుద్దాం" అన్నారు బాలమణి గారు.

ఇంటావిడ పేరు మిసెస్ రుస్సో. కింద ఆవిడ, మేడ మీద వీళ్ళు. భారీ మనిషి, భర్త పోయాడు, కాస్త చెవుడు. ఆవిడ రోజూ పొద్దున్నే చర్చికి వెళుతుంది కాబట్టి ఆ సమయంలో భీముణ్ణి పెరట్లో తిప్పుకు రావచ్చని దామోదరం లెక్క. కానీ వచ్చిన సాయంత్రమే, వీధిలో ఏదో కారు హారన్ మోగేసరికి భీముడు ఇల్లెగిరిపోయేలా మొరిగాడు. ఆవిడ కింద నుంచి, "ఏమిటా చప్పుడు?" అని అరిచింది.

దామోదరానికి ఇంకేమీ తోచలేదు. "మా అమ్మ! దగ్గు! ఇక్కడి చలి పడలేదు!" అని మెట్ల మీద నుంచి కేక వేశాడు. లోపలికొచ్చి, "అమ్మా, కొంచెం దగ్గవే" అన్నాడు.

"నేనా?"

"త్వరగా అమ్మా, నీకు పుణ్యముంటుంది!"

బాలమణి గారు కొడుకుని కొరకొరా చూసి దగ్గారు. అభిమానం చంపుకుని దగ్గినా, ఆ దగ్గు అచ్చం భీముడి గొంతులాగే ఉందని రేణు పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో మొరిగేవాడు ఒకడు, దగ్గేది ఒకరు. పోస్టుమాన్ వస్తే దగ్గాలి, ఉడుత కనిపిస్తే దగ్గాలి. నాలుగు రోజులకి మిసెస్ రుస్సో ఆపసోపాలు పడుతూ మెట్లెక్కి వచ్చి, మూతపెట్టిన గిన్నె ఒకటి బాలమణి గారి చేతిలో పెట్టింది. భీముణ్ణి అప్పటికే కోడలు నళిని స్నానాలగదిలో పెట్టి తలుపేసింది.

"దగ్గుకి మంచిదిట అత్తయ్యగారూ" అంది నళిని, ఆవిడ వెళ్ళాక.

"చారా?"

"కోడి సూపు."

బాలమణి గారు గిన్నెని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ముక్కు మూసుకుని, తిన్నగా స్నానాలగదికి నడిచారు. భీముడు గిన్నె అడుగు అరిగేదాకా నాకాడు. నళిని తోమి తిరిగి ఇచ్చి, అత్తగారికి చాలా నచ్చిందని చెప్పింది. మిసెస్ రుస్సో మురిసిపోయి మరో రెండు రోజులకి ఇంకా పెద్ద గిన్నె తెచ్చింది. భీముడు ఒళ్ళు చేశాడు. దగ్గు మాత్రం తగ్గలేదు. పైగా సూపు వాసన తగిలితే చాలు, వాడు సంతోషం పట్టలేక ఇంకా గట్టిగా మొరిగేవాడు.

ఆ ముసలావిడ నిజంగానే కంగారుపడింది. ఒక శనివారం, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే తన మేనకోడల్ని వెంటబెట్టుకొచ్చింది. దామోదరం అప్పటికే రేణుని తీసుకుని బజారుకి వెళ్ళాడు. వద్దని నళిని ఎంత చెప్పినా వినకుండా ఆ నర్సు బాలమణి గారిని సోఫాలో కూర్చోబెట్టి, నాలుక కింద థర్మామీటరు పెట్టి, నోరు తెరవద్దని సైగ చేసింది.

సరిగ్గా అప్పుడే పోస్టుమాన్ వచ్చాడు.

స్నానాలగదిలో భీముడు అందుకున్నాడు. మిసెస్ రుస్సో బాలమణి గారి నోటి వంక చూసింది. మూసే ఉంది. స్నానాలగది తలుపు వంక చూసింది. మళ్ళీ నోటి వంక చూసింది. బాలమణి గారు ఆలస్యంగానైనా కర్తవ్యం గుర్తొచ్చి, పెదవులు బిగించుకునే "హుమ్, హుమ్" అన్నారు.

మిసెస్ రుస్సో లేచి వెళ్ళి తలుపు తీసింది. భీముడు ఒక్క దూకు దూకి, సూపు వండే ఆ చేతుల్ని ఆత్మబంధువులా నాకడం మొదలుపెట్టాడు.

"అయితే నా సూపంతా తాగింది వీడా?" అందావిడ.

బాలమణి గారు థర్మామీటరు తీసి, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసి, "ఎస్. డాగ్ వెరీ హ్యాపీ. ఐ, ఓన్లీ వెజిటబుల్" అన్నారు.

ఇల్లు ఖాళీ చెయ్యమంటుందని నళిని భయపడింది. ఆవిడ మాత్రం భీముడి చెవులు నిమురుతూ సోఫాలో కూలబడింది. కుక్కలంటే తనకేమీ కోపం లేదనీ, ముందే చెప్పి ఉండాల్సిందనీ అంది. ఇదివరకు అద్దెకున్న కుర్రాడు పామును పెంచాడట. అది తప్పించుకుందట. అందుకే ఆ నియమం పెట్టిందట.

"దొరికిందా?" అంది నళిని.

"ఎక్కడ దొరికింది! ఈ గోడల్లోనే ఎక్కడో ఉండి ఉంటుంది. పాపం, విషం లేదులే."

నళిని ఆ ముక్క అత్తగారికి చెప్పకూడదనుకుంది. కానీ బాలమణి గారు రోజూ రేణు పక్కన కూర్చుని ఇంగ్లీషు బొమ్మల పుస్తకం చూస్తున్నారు.

"స్నేకంటే పామేగా?" అంటూనే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని సోఫా ఎక్కి నిలబడ్డారు.

"విషం లేదుట అత్తయ్యగారూ."

"విషం లేకపోతే పాము కాకుండా పోతుందా?"

దామోదరం ఇంటికొచ్చి, కిందకి వెళ్ళి, మిసెస్ రుస్సో చేత శుభ్రంగా చివాట్లు తిని పైకొచ్చాడు. చూస్తే భీముడి దుప్పటి తల్లి మంచం పక్కనే పరిచి ఉంది.

"ఇదేమిటమ్మా? నీ మడి?"

"నా మడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు ముందు ఆ వేడిగాలి వచ్చే కన్నాలకి జాలీలు కొట్టించు."

మర్నాడు మిసెస్ రుస్సో సూపు తెచ్చి ఏకంగా భీముడి ముందే పెట్టింది. బాలమణి గారు ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి వేడివేడిగా పెసరట్టు వేసి పెట్టారు. ఆవిడ తింటూ తన భాషలో ఏదో చెప్పింది, ఈవిడ తెలుగులో ఏదో చెప్పారు. నళిని అనువాదం చెయ్యబోతే, "నువ్వుండమ్మా, మాకు అర్థమవుతూనే ఉంది" అన్నారు బాలమణి గారు. ఒకావిడ పోయిన మొగుడి గురించీ, మరొకావిడ పెసలు నానబెట్టడం గురించీ చెప్పుకుంటున్నారని నళిని పైకి అనలేదు.