కళ్లంలో బూట్లు

చూసినవాళ్లు చాలామందే. చూసి ఊరుకున్నవాళ్లూ వాళ్లే.

యుద్ధం ముగిసినా రేషన్ ముగియని ఏడాది, మాఘమాసం. నరసరావుపేటకు పడమటి దిక్కున, ఊరు వెలిగా ఉంచిన పాలెం పక్కనున్న కళ్లంలో ఆడవాళ్లు కోతకూలికి తెచ్చుకున్న జొన్నకంకులు పరిచారు. అంతలో డప్పులతో, ఈలలతో పట్నం నుంచి ఫుట్‌బాల్ అభిమానులు దిగారు. గుంటూరు కాలేజీ నుంచి సెలవులకు వచ్చిన విద్యార్థులు, వకీళ్ల గుమాస్తాలు, జిన్నింగు మిల్లు కూలీలు, దర్జీ సుభానీ. చేతుల్లో అట్టలు: "స్టేడియం కావాలి! ఆటకు అడ్డొస్తే ఊరుకోం!" ఇద్దరు పోలీసులు కూడా వచ్చి తుమ్మచెట్టు నీడన నిలబడి శాంతిభద్రతలు కాపాడారు. అభిమానుల శాంతి, అభిమానుల భద్రత.

స్టేడియం కట్టిస్తానన్నది మిల్లు యజమాని గోపాలకృష్ణయ్యగారు. చుట్టుపక్కల సగం భూములు ఆయనవే. ఫుట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు కూడా ఆయనే. గ్యాలరీ అన్నాడు, ఆడవాళ్లకు తెర కట్టిన రేకుల షెడ్డు అన్నాడు. అభిమానులకు ఒళ్లు పొంగింది. పొంగదా మరి! అప్పటిదాకా ఆడేది హైస్కూలు ఆవరణలో. మ్యాచి మ్యాచికీ బంతి హెడ్‌మాస్టరుగారి వంకాయమడిలో పడేది. దాన్ని ఆయన భార్య చేతిలోంచి విడిపించుకోవడమే అసలైన పోటీ.

కళ్లం అంత చదునైన నేల ఆ రాళ్లసీమలో మరొకటి లేదు. "మన ఆటకోసం దేవుడే చదును చేసి ఉంచాడు" అని అభిమాన సంఘం కార్యదర్శి త్రికోటేశ్వరరావు ఉపన్యసించాడు. వకీలుగారి రెండో కొడుకు, మంచి వక్త. దేవుడు ఆ పనిని పాలెం ఆడవాళ్లకు అప్పగించాడనీ, తల్లీకూతుళ్లు తరాల తరబడి పేడనీళ్లతో అలికి ఆ నేలను అట్లా చేశారనీ ఆయనకు తెలియదు. అలికేవాళ్లను ఆయన తన ఇంట్లో కూడా ఏనాడూ చూసి ఉండడు.

పాలెం వద్దన్నది. చిన్నరైతులు వద్దన్నారు. బసవయ్య అనే మెట్టరైతు ముందు నిలబడి రైతుకూలీ సంఘం పెట్టాడు. సర్కారు లెక్కలో అది పోరంబోకు. కాబట్టి వద్దనేవాళ్లంతా ఆటకు శత్రువులని అభిమానులు తేల్చారు.

క్లబ్బు జట్టులో గోల్స్ కొట్టేది మాత్రం పాలెం పిల్లవాడే. పాపమ్మ కొడుకు బాలశౌరి. మిల్లులో దూది బేళ్లు మోస్తాడు. మైదానంలో ఉన్నంతసేపు త్రికోటేశ్వరరావును "కోటీ, ఇటెయ్!" అని కేకవేసేవాడు. ఈల మోగాక "అయ్యగారూ" అనేవాడు. గెలిచిన సాయంత్రం అభిమానులు అతన్ని భుజాల మీద పెద్దబజారు మొదట ఉన్న రాతికమాను దాకా మోసి, అక్కడ దించేవాళ్లు. బజారులో పాలెంవాళ్లు చెప్పులు చేత్తో పట్టుకుని నడవాలని కట్టడి. భుజాల సంగతి ఏ కట్టడిలోనూ లేదు గనుక దించడమే మేలని అందరికీ తోచింది. ఎవరూ ఎవరితోనూ చెప్పుకోలేదు. బాలశౌరి ఊరి చుట్టూ డొంకదారిన ఇంటికి పోయేవాడు.

ఆ పొద్దున గోపాలకృష్ణయ్యగారు బంతి అతని ముందే పెట్టించాడు. "మీవాడే తన్నాక ఇంక నోరెత్తేదెవడ్రా?" అన్నాడు.

బాలశౌరి కాళ్లకు క్లబ్బు ఇచ్చిన కొత్త బూట్లు. కళ్లంలోకి చెప్పులతో ఎవరూ అడుగుపెట్టరు. గోపాలకృష్ణయ్యగారైనా తన కళ్లంలోకి కిర్రుచెప్పులు విడిచే వెళతాడు. బాలశౌరి నిలబడిపోయాడు. వెనక నుంచి కేకలు లేచాయి.

"శౌరీ! శౌరీ!"

ఆ కేకకు కాదనడం అతని కాళ్లకు తెలియదు. తన్నాడు. బంతి కంకుల కుప్పలో పడింది. దాని వెనక బూట్లు, చెప్పులు, డప్పులు, జనం.

పాపమ్మ చేతులు చాపి అడ్డంపడింది. "ఒరేయ్, బూట్లిప్పండ్రా! కళ్లంరా ఇది! బూట్లిప్పండ్రా నాయనా!"

ఆడొద్దని కూడా అనలేదు ఆమె. బూట్లు ఇప్పమన్నది, అంతే.

మధ్యాహ్నం బాలశౌరి ఇంటికి పోతే పాపమ్మ సంగటి ముద్ద ముందు పెట్టింది. "మట్టిలోంచి గాలించిన గింజలు. ఇసక తగిలిద్ది, మెల్లగా నములు" అన్నది. తిట్టలేదు. తిడితే తినేవాడేమో. పంటికింద ఇసుక కరకరమనగానే అతనికి మింగుడుపడలేదు.

వకీలుగారింట్లోనూ ఆ పూట జొన్నలే, కాకపోతే రొట్టెలు. త్రికోటేశ్వరరావు వదిన వరలక్ష్మి గుంటూరులో ఇంటర్ చదివిన మనిషి. ఆ చదువంతా ఇప్పుడు ఊరగాయ జాడీల మీద పెడుతున్నది. మరిది విజయగాథ విని, రొట్టె వడ్డిస్తూ అన్నది:

"మన కౌలు జొన్నలూ ఆ కళ్లంలోవే మరిదీ. ఏరే వండాననుకో. బూటుమేకు తగిలితే పక్కన పెట్టు, పారేయకు. క్లబ్బుది."

మరిది రొట్టె పక్కన పెట్టాడు.

మర్నాడు సుభానీ దుకాణంలో అభిమానుల సభ. బాలశౌరి బూట్లు చేత్తో పట్టుకొచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు సుభానీ.

"క్లబ్బుకిచ్చెయ్యి సుభానన్నా. నేనింక తొడగను."

ఒక గుమాస్తా లేచాడు. "అయితే ఆడేదెక్కడ? మళ్లీ ఆ వంకాయమళ్లోనేనా?" కొందరు నవ్వారు.

"నవ్వండి" అన్నాడు బాలశౌరి. "కళ్లం పోతే మావోళ్లు కంకులు యాడ కొట్టుకోవాల? గోపాలకృష్ణయ్యగారి దొడ్లో. కొట్టుకున్నందుకు ఆయనకి గింజలు కొలవాల. మిల్లులో అందరికీ తెలిసిన మాటే. గ్యాలరీ మీకు, గింజలు ఆయనకి."

"మాకు ఎవరూ చెప్పలేదే!" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"మీరడిగితేగా అయ్యగారూ. కమాను దాకా మోసి దించేస్తారే, ఎందుకని నేనూ అడగలా. అడగనోళ్లమే అందరం. తన్నింది మాత్రం నేను, మా అమ్మ గింజల్ని."

మిషను చక్రం మీద ఎవరి చెయ్యో ఉంది కాబోలు, కిర్రుమని ఒకసారి తిరిగి ఆగింది. తలెత్తినవాడు లేడు. భుజాలకు కూడా సిగ్గుంటుందని ఆ రోజు తెలిసింది వాళ్లకు.

చివరికి సుభానీయే అన్నాడు. "తలొంచుకుంటే గింజలు తిరిగొస్తయ్యా? లేవండి. పాలెం పోదాం."

పాలెంలో బసవయ్య ఎదురొచ్చాడు. "ఏందయ్యా, డప్పులు మర్చిపోయొచ్చారా?"

పాపమ్మ వాళ్లను ఎగాదిగా చూసి, పేడతట్ట చూపించింది. "మాటలు తర్వాత. ముందు అలకండి. మీరు పెళ్లగించిందే."

అలికారు. త్రికోటేశ్వరరావు అలికినచోట దూడ పొర్లినట్టుంది. పాపమ్మ దాన్ని మళ్లీ అలికింది. ఆ రెండో అలుకు అతన్ని పొడిచినట్టు ఏ వకీలు వాదనా పొడవలేదు. పొద్దుగూకేదాకా కళ్లంలోనే సభ. తిట్లన్నీ అయ్యాక ఒక మాట మీదికి వచ్చారు.

శంకుస్థాపన రోజు జిల్లా నుంచి కలెక్టరు దొరగారొచ్చాడు. పందిరి, పూలదండలు, సోడాలు. జైకొట్టే పని అభిమానులది అనుకున్నాడు గోపాలకృష్ణయ్యగారు. డప్పులు వినపడగానే చేతులు జోడించి నవ్వాడు.

అభిమానులు కళ్లం అంచున ఆగారు. బూట్లు, చెప్పులు విప్పి కుప్పపోశారు. వట్టికాళ్లతో లోపలికి నడిచి, కంకులు కొడుతున్న పాలెంవాళ్ల మధ్య కూర్చున్నారు.

"ఒరేయ్, మీకోసమేగదరా కట్టిస్తున్నది!" అని అరిచాడు గోపాలకృష్ణయ్యగారు.

"ఆట మాది, నేల వీళ్లది. నడుమ మీరెవరయ్యా?" అన్నాడు సుభానీ.

త్రికోటేశ్వరరావు లేచాడు. ఉపన్యాసం ఇవ్వలేదు. "చెప్పులిడిచి లోపలికి రండి. వీళ్లనడుగుదాం" అన్నాడు.

దొరగారు తన బూట్ల వంక చూసుకున్నాడు. పోలీసుల వంక చూశాడు. బూట్లు మళ్లీ కళ్లంలోకి దిగాయి. లాఠీలు పైకి లేచాయి. ఈసారి గింజల మీద మనుషులు బోర్లా పడుకున్నారు. దెబ్బలు వీపుల మీద పడ్డాయి. బసవయ్య తల పగిలింది. కుప్ప మాత్రం చెదరలేదు.

సాయంత్రం అందరినీ నడుములకు తాడు కట్టి నడిపించారు. హెడ్ కానిస్టేబులు ముందుచూపున్నవాడు. అంచున ఉన్న చెప్పుల కుప్పను ముద్దాయిల ఆయుధాల కింద జప్తు చేసి, గోనెసంచిలో కుక్కించి మూతి కట్టించాడు. సబ్‌జైలు పెద్దబజారు చివర. దారిలో మిల్లు కూలీలు బాలశౌరిని ఎత్తబోయారు.

"దించండి" అన్నాడతను. "నేను నడుస్తా."

రాతికమాను దగ్గరికొచ్చారు. ఆగమని ఎవరూ అనలేదు. కాళ్లే ఆగాయి. ఇన్నేళ్లుగా అక్కడ ఆగడం మరిగిన కాళ్లు. త్రికోటేశ్వరరావు వాటివంక చూసుకున్నాడు. పేడ మరకలు ఇంకా పోలేదు. తల మాత్రం ఎత్తలేకపోయాడు.

తాడు వెనక కొస నుంచి పాపమ్మ గొంతు లేచింది. "ఏందిరా ఆగారు? జైలు ఇంకా లోపలుందిగా!"

ఈల మోగి చాలాసేపైంది. అయినా బాలశౌరి అన్నాడు: "కోటీ, నడువు."

కమాను దాటారు. పాలెం, పట్నం, ఒకే తాడున, వట్టికాళ్లతో. అరుగుల మీద పెద్దమనుషులు లేచి నిలబడ్డారు. వకీలుగారి గుమ్మంలోంచి వరలక్ష్మి మెట్లు దిగింది. చెప్పులు మెట్టు మీదే విడిచి, పాపమ్మ పక్కన నడవసాగింది. ఎదురింట్లోంచి ఇంకొకామె దిగింది. సోడాబండి వాడు బండి వదిలి వచ్చాడు. బజారు పొడుగునా గుమ్మాల ముందు చెప్పులు మిగిలిపోతున్నాయి, మనుషులు ముందుకు పోతున్నారు.

హెడ్ కానిస్టేబులు వెనక్కి తిరిగి చూశాడు. అతని దగ్గర ఇంకో గోనెసంచి లేదు.